అరికాలి మంట: తైలము, తౌడు, మిరపకాయ

ముల్లు గుచ్చుకొన్నచోట నొప్పి పుట్టుట మన మేలుకొరకే. ఆ నొప్పి లేకున్నచో ముల్లు తీయవలెనన్న తలంపే కలుగదు. ముల్లు తీసిన కొంతసేపటికి, తన పని తీరినదన్నట్లు అది వెడలిపోవును. కాని మరియొక జాతి నొప్పి కలదు. ముల్లు లేదు, దెబ్బ లేదు, వాపు లేదు. అయినను రాత్రి ప్రక్కమీద చేరగానే అరికాళ్ళు నిప్పులమీద నిలిచినట్లు మండును. చీమలు ప్రాకినట్లుండును, సూదులతో పొడిచినట్లుండును, పలుచని దుప్పటి తాకినను భరింపరాదు. నెలలు గడచును, సంవత్సరములు గడచును, బాధ మాత్రము పోదు. ఇది గాయమును తెలుపు నొప్పి కాదు. వార్త మోయవలసిన నరమే చెడి, లేని వార్తను మోసికొని వచ్చుటవలన కలుగు నొప్పి.

ఈ బాధ గలవారి ఇంట సాధారణముగా రెండు పక్షములుండును. నూనె రాచి కాపడము పెట్టుమని పెద్దవారు, మాత్ర వేసికొమ్మని చదువుకొన్న పిల్లలు. మన వరంగల్లులో ఈ రెండు పక్షములకును రెండు విద్యాలయములే కలవు: 1959లో ఏర్పడిన కాకతీయ వైద్యకళాశాల ఒకటి, అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఒకటి. రోగి ఒకనాడు అటు పోవును, ఒకనాడు ఇటు పోవును. అక్కడ వాడిన మందు సంగతి ఇక్కడ చెప్పడు, ఇక్కడి సంగతి అక్కడ చెప్పడు. ఏ పక్షము గెలువవలెనన్న వాదము నాకు పట్టదు. తెలుగునాట ఈ నొప్పి నిజముగా ఎప్పుడెప్పుడు తగ్గినది, దేనివలన తగ్గినది అను చరిత్రయే నాకు ఆసక్తికరముగా తోచును.

మొదట మాట విషయము. తెలుగున నరమన్న పదము మూడింటికి చెల్లుచున్నది. చేతిమీద నీలముగా కనబడు రక్తనాళమును నరమే అందుము. మడమ వెనుక త్రాడువలె బిగిసియుండు స్నాయువును నరమే అందుము. వ్రేలికొసనుండి వెన్నెముకకు వార్తలు మోయు సన్నని తంతువును నరమే అందుము. నరము పట్టినదని రోగి చెప్పినచో ఈ మూడింటిలో ఏది పట్టినదో వైద్యుడు అడిగి తెలిసికొనవలసినదే. ఇది మన భాషకు మాత్రమే చెందిన చిక్కు కాదు. ప్రాచీన గ్రీకులును స్నాయువునకు, నరమునకు చాలకాలము ఒకే మాట వాడిరి.

పేరు కలగాపులగమైనను, బాధను మన పూర్వులు గమనించిన తీరు కలగాపులగము కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానమున మొదటి అధ్యాయము వాతవ్యాధులదే. అందు పాదదాహమని, పాదహర్షమని రెండు వేర్వేరు వ్యాధులు చెప్పబడినవి. వాయువు పిత్తరక్తములతో కూడి పాదములను మండించుట పాదదాహము. కఫవాతములవలన పాదములు జలదరించి తిమ్మిరెక్కుట పాదహర్షము. నేటి వైద్యుడును మంట కలదా, తిమ్మిరి కలదా అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగును. ఏలయన సన్నని నరములు చెడినచో మంట, లావుపాటి నరములు చెడినచో తిమ్మిరియు నడకలో తూలుటయు ముందు కనబడును. పిరుదున పుట్టి, తొడ వెనుకభాగము, మోకాలు, పిక్కల మీదుగా పాదమువరకు దిగు నొప్పికి చరకసుశ్రుతులు గృధ్రసియని పేరిడిరి. ఆ బాధ గలవాడు గ్రద్దవలె నడచునని ఆ పేరు వచ్చినదందురు. నిజాము రాజ్యమున మన ప్రాంతపు హకీములు దానినే ఇర్కున్నసా అనిరి. నేడు వెన్నుపూసల నడుమ నరము ఒరసికొనుటవలన కలుగు నొప్పి పోవు దారియు సరిగా అదియే.

వీనికంటె విలువైన మాట మరియొకటి సుశ్రుతమున కలదు. ప్రమేహము పూర్తిగా బయటపడకముందు కనబడు చిహ్నములను చెప్పుచు అతడు అరచేతులు, అరికాళ్ళు మండుటను కూడ అందు చేర్చెను. మూత్రరోగమునకును పాదముల మంటకును సంబంధమేమని నాటి శిష్యుడు అడిగియుండవచ్చును. ఆ సంబంధము తేలుటకు ఇంచుమించు రెండువేల సంవత్సరములు పట్టినది. దాని సంగతి చివర చెప్పెదను.

గ్రంథమున ఉన్నది రోగివరకు చేరవలెనన్న ఏర్పాటు కావలయును. ఓరుగల్లు ఏలిన కాకతీయుల కాలమున అట్టి ఏర్పాటు ఒకటి శాసనమున కెక్కినది. గుంటూరు జిల్లా తుళ్ళూరు ప్రాంతమునందలి మల్కాపురములో 1261 నాటి రాతికంబము కలదు. గణపతిదేవుడును, అతని కుమార్తె రుద్రమదేవియు తమ గురువైన విశ్వేశ్వరశివాచార్యునకు ఇచ్చిన మందడము, వెలగపూడి గ్రామముల ఆదాయముతో మఠము, సత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడపవలెనని ఆ శాసనము చెప్పుచున్నది. ఆరోగ్యశాలకు వైద్యుడు కూడ కలడు. జ్వరము నాలుగు దినములలో తేలిపోవును. వైద్యునకు ఒకసారి దక్షిణ యిచ్చి పంపవచ్చును. సంవత్సరములతరబడి వేధించు వాతమునకు ఒకసారి ఇచ్చు దక్షిణ చాలదు. ఊరి పంటమీద వైద్యుని నిలుపుట ఎంత దూరదృష్టిగల పనియో, దీర్ఘరోగి ఉన్న ఇల్లు నడిపినవారికి తెలియును.

తెలుగుదేశపు వైద్యులు చిరకాలము చేతపట్టిన గ్రంథము బసవరాజీయము. ఇరువదియైదు ప్రకరణముల ఈ గ్రంథము సంస్కృతమున వ్రాయబడినను అక్కడక్కడ తెలుగును తెచ్చికొన్నది, నాడీపరీక్షతో మొదలగును, వాతరోగములకు కషాయములను, తైలములను, రసౌషధములను చెప్పును. కాని ఇంటివైద్యమునకు గ్రంథము అక్కరలేదు. వావిలాకు వేసి కాచిన నీళ్ళు, ఆముదము రాచి వెచ్చజేసిన జిల్లేడాకు, వేపిన ఉప్పు లేక ఇసుక మూట, గోరువెచ్చని నువ్వులనూనె: ఇవి మన అవ్వల చేతిలోని మందులు. ఇవి కండరముల బిగువును సడలించును. నిద్రపట్టని రాత్రి ఒక మనిషి ప్రక్కన కూర్చుండి కాళ్ళు రాచుట తనంతట తానే ఒక ఉపశమనము. చెడిన నరమును బాగుచేయు శక్తి వానికి కలదని మాత్రము చెప్పజాలము.

పల్లెలలో దీనికంటె కఠినమైన పద్ధతియు ఉండెను. కాల్చిన ఇనుముతో చర్మముపై వాతలు పెట్టుట. సుశ్రుతుడు చెప్పిన అగ్నికర్మము కొలతలు, స్థానములు, నిషేధములు గల చికిత్స. పల్లెవాత వానినన్నిటిని విడిచి మంటను మాత్రము మిగుల్చుకొన్నది. అయినను వాత పెట్టించుకొన్నవారిలో కొందరు నొప్పి తగ్గినదనిరి. దీనికొక సమాధానము 1965లో వచ్చినది. వెన్నుపాములో నొప్పివార్తలు పైకి పోవు ద్వారమువంటిది ఒకటి కలదని, మరియొక స్పర్శగాని, మెదడునుండి దిగు ఆజ్ఞగాని ఆ ద్వారమును కొంతసేపు మూయగలదని మెల్‌జాక్, వాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దెబ్బతగిలిన చోటును మనము వెంటనే రుద్దికొనుటకు కారణము ఇదియే. ఒక నొప్పిని మరియొక నొప్పితో మరపించుటకు కూడ ఇట్టి కారణమే కలదు. మరపు తీరిన పిదప మిగులునది పుండు.

ఇంతవరకు చెప్పినవన్నియు నొప్పిని తగ్గించు మార్గములు. నరము ఎందుకు చెడుచున్నదన్న ప్రశ్నకు మొదటి స్పష్టమైన జవాబు మందుల కొట్టునుండి రాలేదు, బియ్యపు కుండనుండి వచ్చినది. దానికొరకు ఓరుగల్లు విడిచి కొంతసేపు సముద్రతీరమునకు పోవలసియున్నది.

గంజామునుండి మచిలీపట్టణమువరకు, ఇంకను దక్షిణముగా వ్యాపించిన ఉత్తర సర్కారులలో ఒక వింత వ్యాధి కుంపిణీ సిపాయిలను, చెరసాలలలోని ఖైదీలను పట్టి పీడించుచుండెను. కాళ్ళు మొద్దుబారును, మండును, బిగిసికొనిపోవును. కొందరికి ఒడలు నీరుపట్టి, ఊపిరాడక ప్రాణము పోవును. దాని పేరు బెరిబెరి. మద్రాసు వైద్యశాఖకు చెందిన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ ఆ వ్యాధి చరిత్రను, చికిత్సను గూర్చి 1835లో మద్రాసులో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. బహుమతి పొందిన రచన అది. తీరము విడిచి లోపలికి పోయినకొలది వ్యాధి కనబడకపోవుట నాటి వైద్యులను ఆశ్చర్యపరచెను. గాలి మంచిది కాదనిరి; తేమ అనిరి; భూమినుండి లేచు ఆవిరి అనిరి.

చికిత్సలలో రెండు చెప్పదగినవి. ఒకటి తిర్యాక్ ఫారూక్ అను లేహ్యము. వెనిస్ నగరమునుండి ఓడలెక్కి మన బజారులకు వచ్చిన సరకది. దొరలు దానిని దేశీయుల మందనుకొని వాడిరి. నాటువైద్యమేది, సీమవైద్యమేది అన్న గీత ఎంత వంకరదో దీనివలన తెలియును. రెండవది నల్లనూనె. మూలికల అంగళ్ళలో మాల్కంగుని యనబడు జ్యోతిష్మతి గింజలను సాంబ్రాణి, లవంగములు, జాజికాయ, జాపత్రి చేర్చి మూసిన కుండలో కాల్చి దించిన నూనె అది. హెర్‌క్లాట్స్ అను వైద్యుడును, మాల్కమ్‌సనును దానిని మెచ్చుకొనిరి. 1868 నాటి ఇండియా ఔషధకోశమున దానికి చోటు దొరికినది. తెలుగుదేశపు తైలమునకు తెల్లదొరల ప్రభుత్వపు గ్రంథమున దక్కిన ఆ గౌరవము చిన్నది కాదు. నల్లనూనెతో గుణము కనబడెనన్న మాట అబద్ధమని నేననను. సిపాయి ఆసుపత్రిలో చేరినప్పుడు నూనెతోపాటు అతని తిండియు మారియుండును. మెప్పు నూనెకు పోయినది.

తిండివైపు చూచినవారు వేరొక దేశమున బయలుదేరిరి. జావాద్వీపమున డచ్చి వైద్యుడు ఐక్‌మన్ 1890 తరువాతి సంవత్సరములలో కోళ్ళకు తెల్లని బియ్యము పెట్టగా వానికి కాళ్ళు పడిపోయెను. తౌడు పెట్టగా అవి లేచి తిరిగెను. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. తౌడులోని ఆ పదార్థమును 1926లో జావాలోనే స్ఫటికరూపమున వేరుచేసిరి. దానినే నేడు థయామిన్ లేక బి1 విటమిన్ అందుము. నరము తన ఆహారమైన చక్కెరను వినియోగించుకొనుటకు థయామిన్ తప్పనిసరి. అది లేనిచో నరము ఎదుట అన్నము పెట్టుకొని ఆకలితో మాడినవానివలె నగును.

మన దేశమున ఈ పరిశోధన నీలగిరులలోని కూనూరులో సాగినది. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో అక్కడ బెరిబెరిని గూర్చియే పని మొదలుపెట్టెను. బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధముపై అతడును, నారిసును 1924లో ఒక గ్రంథము ప్రకటించిరి. అతని తరువాత వచ్చిన ఎయ్‌క్రాయిడ్ తన సహచరులతో 1940లో భారతదేశపు బియ్యపు సమస్యను పరిశీలించెను. సర్కారు జిల్లాల చిక్కు అప్పుడు పూర్తిగా విడిపోయినది. తమిళులు, మలయాళులు చాలమంది ఉప్పుడు బియ్యము తినువారు. వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబోయునప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోనికి ఇంకును. పిదప మరలో వేసినను అంతగా పోదు. తెలుగువారికి ఉప్పుడు బియ్యపు వాసన గిట్టదు. మనకు పచ్చి వడ్లను దంచి, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యము కావలెను. ఆ బియ్యమును మూడు నీళ్ళు కడిగెదము. ఉడికించి గంజి వార్చెదము. తౌడు గేదెకు, కడుగునీళ్ళు కుడితితొట్టికి, గంజి దండెముమీది చీరలకు! నరములకు కావలసినదంతయు ఇల్లు దాటిన తరువాత మిగిలిన మల్లెపూవువంటి అన్నము మన విస్తరిలోనికి వచ్చును. లోపలి జిల్లాలలో, ముఖ్యముగా తెలంగాణమున, జొన్నరొట్టె, జొన్నగటక తిన్న పేదవానిని ఈ వ్యాధి ముట్టలేదు. వరి తినగల భాగ్యము లేకపోవుటయే అతనికి రక్షయైనది.

కూనూరు కథ అంతటితో ముగియలేదు. సి. గోపాలన్ అను యువవైద్యుడు దక్షిణదేశపు బీదవారిలో కనబడు అరికాలి మంటను 1946లో వర్ణించెను. మంట రాత్రులయందు హెచ్చును. చల్లని తడిగుడ్డ చుట్టినగాని ఓర్చుకొనలేరు. సుశ్రుతుని పాదదాహమును ఆసుపత్రి మంచముమీద చూచినట్లుండును ఆ వర్ణన. అప్పటికి తెలిసిన కొన్ని బి విటమిన్‌లతో తగ్గని ఆ మంట, పాంటోథెనిక్ ఆమ్లమను మరియొక బి విటమిన్‌ను సూదిమందుగా ఇచ్చినప్పుడు తగ్గినదని ఆయన వ్రాసెను. ఒకే లోపము కాక అనేక లోపములు కలిసియే ఆ మంటను పుట్టించునని తరువాతివారు చాలమంది తలంచిరి. మంటకు మూలము వంటయింట నున్నదన్న మాటను మాత్రము ఎవరును కాదనలేదు. ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది.

ఈ పాంటోథెనిక్ ఆమ్లముతో ఒక తెలుగువానికి సంబంధము కలదు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టి చదివినవాడు. ఎం.బి.బి.యస్. రాక, ఎల్.ఎం.యస్. పట్టముతో బయటపడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించెను. పాశ్చాత్యవైద్యము చదివి ఆయుర్వేదమునకు మళ్ళిన లక్ష్మీపతిగారును, ఆయుర్వేద కళాశాలలో పాఠము చెప్పి 1923లో బోస్టను చేరిన సుబ్బారావుగారును ఒకే కప్పు క్రింద పనిచేసిరి. కాలేయములో నున్న జీవపదార్థములను ఒక్కొక్కటిగా వేరుచేయుట సుబ్బారావు జీవితకృషి. ఎలుకల పోషణలో పాంటోథెనిక్ ఆమ్లము చేయు పనిని గూర్చి ఆయనయు, తరువాత నోబెల్ బహుమానము పొందిన హిచింగ్స్‌యు 1939లో వ్రాసిరి. ఆయన 1948లో మరణించెను. పాంటోథెనిక్ ఆమ్లపు సూది మన ప్రాంతపు కూలివాని మంటను తగ్గించినదన్న వార్త ఆయన చెవిని పడినదో లేదో గాని, పడియుండిన బాగుండెడిది.

నరమును తినివేయు మరియొక వ్యాధి కుష్ఠు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు 1915లో స్థాపించిన ఆసుపత్రిలో చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించెడివారు. సుశ్రుతుడు తువరకమన్నది ఈ జాతి చెట్టునే. గుణము స్వల్పము, సూదిపోటు దుస్సహము. అయినను వేరు గతిలేని కాలమున రోగిని ఆసుపత్రి గడప త్రొక్కించినది ఆ నూనెయే. డాప్సోను వచ్చిన పిదప, అందును 1981లో పలు మందులు కలిపి ఇచ్చు పద్ధతి వచ్చిన పిదప, నూనె తనంతట తానే ప్రక్కకు తొలగినది. దానిని ఎవరును నిషేధింపవలసిన పని కలుగలేదు.

నేటి ఆసుపత్రి మందుల వంశవృక్షము చిత్రమైనది. ముఖమున మెరుపువలె కొట్టు నొప్పికి 1962లో వాడనారంభించిన కార్బమజెపీన్ మూర్ఛరోగులకును ఇచ్చు మందు. మంటకు రాత్రిపూట ఇచ్చు అమిట్రిప్టిలీన్ మనోవ్యాకులమునకై పుట్టినది. గబాపెంటిన్ మొదట మూర్ఛకే అనుమతి పొందినది. నాకు మూర్ఛ లేదు, పిచ్చి లేదు, ఈ మందేల ఇచ్చిరని చీటి చదివి భయపడి మానివేసినవారు కలరు. రేగిన నరమును శాంతపరచు గుణమువలన అవి ఇక్కడికి వచ్చినవని ఒక్కమాట చెప్పినచో ఆ భయము తీరును. వాని శక్తియు పరిమితమే. గబాపెంటిన్‌ను సుమారు ఆరుగురికి ఇచ్చినచో, ఉత్తగోళీతో తగ్గని నొప్పి వారిలో ఒకరికి సగము తగ్గును. ఆసుపత్రి మందు పూర్ణముగా పనిచేయును, నాటుమందు ఏమియు చేయదు అనువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.

మరల ఓరుగల్లునకు వత్తము. మిరప కాలమున ఎనుమాముల మార్కెట్టు ప్రక్కగా పోయినవారికి ముక్కు, కన్ను, గొంతు ఒకేసారి సాక్ష్యము చెప్పును. తొడిమలు తీయు స్త్రీల చేతులు సాయంత్రమునకు భగభగ మండును. నీళ్ళతో కడిగిన ఆ మంట పోదు, నూనె రాచినగాని తగ్గదు. రుద్రమదేవి వంటయింట మిరపకాయ లేదు. మిరియము మాత్రమే కలదు. అమెరికా ఖండపు ఈ కాయ పోర్చుగీసువారి ఓడలలో పదునారవ శతాబ్దిని వచ్చి మనదైనది. దాని ఘాటునకు మూలమైన పదార్థమునకు 1876లో కాప్సైసిన్ అని పేరిడిరి. అది నాలుకను ఎందుకు మండించునో 1997లో డేవిడ్ జూలియస్ బృందము కనిపెట్టినది. నొప్పిని మోయు సన్నని నరముల కొసలయందు సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకొను తలుపులవంటివి కలవు. మిరపకారము ఆ తలుపులనే తెరచును. కారము తిన్నవాడు నోరు కాలినదనుట అలంకారము కాదు, నరము చెప్పిన మాటయే. ఈ పనికి 2021లో నోబెల్ బహుమానము వచ్చినది.

తలుపు మరల మరల తెరచినచో నరపు కొస అలసి, కొంతకాలము మూగబోవును. ఈ గుణము మీదనే కాప్సైసిన్ పూతమందులు ఏర్పడినవి. నూటికి ఎనిమిది పాళ్ళు కాప్సైసిన్ గల పట్టీకి 2009లో ఐరోపా, అమెరికాలలో అనుమతి లభించినది. ఆసుపత్రిలో, చేతికి తొడుగు వేసికొన్న మనిషి, గడియారము చూచుకొని వేయు పట్టీ అది. ఒంటిమీద సర్పి లేచి తగ్గిన పిదప నెలలతరబడి నిలుచు మంటకు కొందరికి మేలు చేయుచున్నది. ఇది ప్రకృతివైద్యమా, ఆధునికవైద్యమా? కాయ పొలమున పండినది. మోతాదు ప్రయోగశాల నిర్ణయించినది. ఇంట కారము నూరి కాలికి పట్టించుకొన్నవాడు బొబ్బలతో ఆసుపత్రి చేరును. మన వరంగల్లు చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దాని ప్రఖ్యాతి రంగువలన, ఘాటు తక్కువగుటవలన. మందునకు పనికివచ్చు కాయ వేరు, బజారులో ధర పలుకు కాయ వేరు.

ఇప్పుడు సుశ్రుతుని ప్రమేహపు మాట. నేడు అరికాలి మంటకు అన్నింటికంటె సాధారణమైన కారణము మధుమేహము. 2023లో ప్రకటితమైన భారతీయ వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము దేశమున ఆ వ్యాధి గలవారు 10 కోట్లకు పైబడినవారు. రక్తమున చక్కెర హెచ్చుగా నిలిచినచో నరములను, వానిని పోషించు సన్నని రక్తనాళములను చెరచును. అన్నింటికంటె పొడవైన నరములు ముందు దెబ్బతినును గనుక మంట కాలివ్రేళ్ళలో మొదలై, మేజోడు తొడిగినంతమేర పైకి ప్రాకును. చిన్నతనమున వచ్చు మధుమేహమున చక్కెరను గట్టిగా అదుపులో నుంచినచో నరముల దెబ్బ నూటికి 60 పాళ్ళవరకు తగ్గునని 1993లో అమెరికాలో ముగిసిన పెద్ద పరీక్ష తేల్చినది. పెద్దవయసున వచ్చు జాతిలో అంత మేలు కనబడలేదు గాని, అదుపు అవసరము మాత్రము పోలేదు. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ చాలకాలము తీసికొన్నవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చును; పాలు కూడ సరిగా త్రాగని శాకాహారులకును తగ్గవచ్చును; అదియు నరమును చెరచును. రక్తపరీక్షతో తేలు సంగతి ఇది. పరీక్ష లేకుండ బలపు గోళీలు మింగుట మంచిది కాదు, ఏలయన బి6 మితిమీరినచో తానే తిమ్మిరి పుట్టించును.

పేరులేని పొట్లములలో వచ్చు చూర్ణముల సంగతియు ఇంతే. 2004లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, బోస్టను ప్రాంతపు అంగళ్ళలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా 14ఇంట సీసముగాని, పాదరసముగాని, ఆర్సెనికముగాని బయటపడెను. సీసమును, ఆర్సెనికమును నరములకు విషములు. నొప్పికని తిన్నది నొప్పిని పెంచుచున్నదని ఆ రోగికి ఎట్లు తెలియును? చేసినవారి పేరు, అనుమతి సంఖ్య, చేరిన దినుసులు వ్రాయని మందును నేనైతే ముట్టను. ఆ చీటి ఏ భాషలో, ఏ వైద్యపద్ధతిలో ఉన్నను సరే. ఏ వైద్యుని యొద్దకు పోయినను రెండవవానియొద్ద వాడుచున్న మందులనన్నిటిని సంచిలో వేసికొని పోవుట మంచిది.

నూనె రాచుటకు అభ్యంతరము లేదు. కాపడమునకు మాత్రము ఒక హద్దు కలదు. మంటతోపాటు స్పర్శ పోయిన పాదమునకు వేడి తెలియదు. మరుగుచున్న నీళ్ళలో పెట్టినను, ఇసుకమూట కాలి అంటికొన్నను రోగి హాయిగా కూర్చుండును. ఉదయమున బొబ్బ, వారమునకు పుండు, కొన్ని సమయములలో వ్రేలే పోవును. ఆసుపత్రిలో దీనికొక చిన్న పరీక్ష కలదు. పది గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను తీగను అరికాలున పలుచోట్ల తాకించి, కన్నులు మూసికొన్న రోగిని, తాకినప్పుడు చెప్పుమందురు. అయిదు నిమిషముల పని. తీగ తాకినది తెలియని పాదమున్నవారి ఇంట నీళ్ళ వేడిని ఆ పాదముతో గాక, ఇంటిలో వేరొకరి మోచేతితో చూడవలయును. రాత్రి పడకకు పోవుటకు ముందు వ్రేళ్ళ సందులను, మడమను దీపపు వెలుతురున ఒకసారి తిరుగవేసి చూడవలయును.